తెరపై గానవచ్చు మూడంకెల సంఖ్యలు: వాని భేదములు

అడంగలు నకలు కావలసినను, పంట బీమా రుసుము చెల్లింపవలసినను రైతు సోదరులకు నేడు కంప్యూటరు నాశ్రయింపక తప్పుట లేదు. పని సగములో నుండగా తెరపై 404 అనియో, 503 అనియో యొక సంఖ్య కనబడి పని నిలిచిపోవుట కలదు. అన్నిటికిని కలిపి ‘సర్వరు లేదు’ అని చెప్పి పంపివేయుట పెక్కుచోట్ల వాడుకయైనది. ఇది సరికాదు. తెగులేదో తెలియక మందు చల్లిన ఫలమేమి?

మన కంప్యూటరు ఒక పత్రము నడుగగా, దూరమున నున్న సర్వరను యంత్రము తన జవాబుతో మూడంకెల సంఖ్య నొకదానిని జేర్చి పంపును. 1996లో ప్రకటింపబడిన హెచ్.టి.టి.పి. నిబంధనలలో నీ యేర్పాటు గలదు. ఆ నిబంధనలు 2022లో తిరిగి కూర్పబడినవి.

మొదటి అంకెయే ముఖ్యము. అది 2 అయినచో అడిగినది అంగీకరింపబడినది. 3 అయినచో చాలవరకు పత్రము చోటు మారినదని యర్థము. 301 శాశ్వతముగ, 302 తాత్కాలికముగ. ఇవి మన కంట బడవు, బ్రౌజరు తానే క్రొత్తచోటికి బోవును. 4 అయినచో అడిగిన తీరున లోపమున్నదని సర్వరు చెప్పుచున్నది. 5 అయినచో లోపము తనదేయని యొప్పుకొనుచున్నది.

404 అనగా ఆ చిరునామాలో పత్రము దొరకలేదు. చిరునామాలో అక్షరము తప్పినదేమో చూడవలెను. 410 అనగా పత్రము ఒకప్పుడుండెను, తీసివేయబడినది, మరల వచ్చునని యెదురుచూడ నక్కరలేదు.

401కిని 403కిని గల భేదము నెరుగనివారు పెక్కుమంది. సంఘపు గిడ్డంగికి బోయినపుడు గుమాస్తా ‘మీరెవరండీ, సభ్యత్వ పుస్తకము చూపుడు’ అనుట 401 వంటిది. సంకేతపదము సరిగా నిచ్చిన పని జరుగవచ్చును. పుస్తకము చూచిన పిమ్మట ‘ఈ ఖాతా చూచు హక్కు మీకు లేదు’ అనుట 403. ఇట సంకేతపదము పదిమారులు కొట్టినను లాభము లేదు. హక్కు నిచ్చు నధికారి నడుగవలెను. పత్రము కలదను సంగతియే తెలియనీయకుండ 403కు బదులు 404 చెప్పు సర్వరులును గలవు. ఇది దాపరికమే యైనను నిబంధనలు సమ్మతించినవి. మాటిమాటికి నొక్కినచో 429 రావచ్చును; ‘మితిమీరి యడుగుచున్నారు, ఆగుడు’ అని దాని భావము.

ఇక 5తో మొదలగునవి. 500 అనగా సర్వరులోపల ననుకొనని చిక్కు. 503 అనగా రద్దీచేతనో మరమ్మతుచేతనో తాత్కాలికముగ పని చేయలేకుండుట. గడువు కడపటి దినమున వచ్చునది తరచుగ నిదియే. కొంతసేపాగి ప్రయత్నింపవలెను. 502, 504 మధ్యవర్తి సర్వరు చెప్పు మాటలు. లోపలి సర్వరు చెప్పిన జవాబు చెల్లనిదైన 502. వేళకు జవాబే రాకున్న 504.

డబ్బు చెల్లించునపుడు 504 వచ్చినచో మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. జవాబు రాలేదన్నంత మాత్రమున పని జరుగలేదని కాదు. లోపలి సర్వరు సొమ్ము జమకట్టుకొని, ఆ మాట చెప్పుటలో నాలస్యము చేసియుండవచ్చును. వెంటనే మరల నొక్కినచో రెండుమారులు చెల్లింపగును. కావున ముందు బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గినదో లేదో, దరఖాస్తు సంఖ్యపై రశీదు పుట్టినదో లేదో చూడవలెను. తెరపై కనబడిన సంఖ్యను, దినమును, వేళను కాగితముపై వ్రాసికొని, వీలైన తెర ఛాయాచిత్రమును దీసి యుంచుకొని, పిమ్మటనే కార్యాలయమువారి నడుగవలెను.