నేపర్‌విల్‌లో లెక్కల పుస్తకం: ప్రాజెక్ట్ పోతే పిల్లలకి ఏది పనికొస్తుంది?

పిల్లలు 8, 9 తరగతుల్లోకి రాగానే నేపర్‌విల్‌లోని మన కుటుంబాల్లో వచ్చే ప్రశ్న ఇది: లెక్కలకి ఇంట్లో ఏ పుస్తకం పెట్టాలి? ప్రాజెక్ట్ పోతే హెచ్‌-1బి వాళ్లకి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే మీ అమ్మాయి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సీబీఎస్‌ఈ క్లాసులో కూర్చోవాల్సి రావచ్చు. అందుకే రెండు దారులూ చూసుకుని పుస్తకం ఎంచుకోండి.

ఊరిలో ఎక్కువ భాగం 203, 204 స్కూల్ డిస్ట్రిక్టుల కింద ఉంది. అద్దె ఇల్లు మారితే డిస్ట్రిక్టూ, దాంతో పుస్తకమూ మారొచ్చు. ఇల్లినాయిలో హైస్కూల్ పూర్తవ్వాలంటే మూడేళ్ల లెక్కలు చదవాలి, అందులో ఆల్జీబ్రా 1, జామెట్రీ ఉండాలి. మామూలుగా ఆల్జీబ్రా ఒక ఏడాది, జామెట్రీ ఇంకో ఏడాది. మన దగ్గర బహుపదులు, త్రిభుజాలు, త్రికోణమితి, సంభావ్యత అన్నీ 10వ తరగతి పుస్తకం ఒక్కదాంట్లోనే వచ్చేస్తాయి. అసలు చిక్కు ఇక్కడే. ఆల్జీబ్రాలో ‘ఎ’ గ్రేడ్ తెచ్చుకున్న పిల్ల కూడా జామెట్రీ చదవకముందే ఇండియా వెళ్తే త్రిభుజాల నిరూపణల దగ్గర తడబడుతుంది. తెలివి తక్కువై కాదు, పాఠాల వరుస వేరు.

మాటలూ వేరే. మన ట్రెపీజియం ఇక్కడ ట్రెపెజాయిడ్, హెచ్‌సీఎఫ్ ఇక్కడ జీసీఎఫ్, బోడ్‌మాస్ ఇక్కడ పెమ్‌డాస్. సరళరేఖ సమీకరణంలో మన ‘సి’ ఇక్కడ ‘బి’. నాన్న లెక్క చెప్పడానికి కూర్చుంటే సగం గొడవ వీటి మీదే!

స్కూల్ పుస్తకాన్ని మాత్రం పక్కన పెట్టకండి, గ్రేడ్లు దాన్ని బట్టే. దానికి తోడుగా ఎన్‌సీఈఆర్‌టీ 9, 10 పుస్తకాలు పెట్టండి, పీడీఎఫ్‌లు ఉచితం. వారానికి రెండు గంటలు, అదీ జామెట్రీ, త్రికోణమితి మీదే చాలు. ఇక్కడి ఆల్జీబ్రాకే అదనపు సాధన కావాలంటే రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ ‘ఎలిమెంటరీ ఆల్జీబ్రా’ ఉంది, అదీ ఆన్‌లైన్‌లో ఉచితమే. కొనేముందు నికోల్స్ లైబ్రరీలోనో 95వ వీధి లైబ్రరీలోనో పుస్తకాలు తిరగేయండి. లావు చూసి మోసపోవద్దు. ఒక పాఠం పిల్లని చదవనిచ్చి, మీకు చెప్పమనండి. చెప్పగలిగితే ఆ పుస్తకం తనకి సరిపోయినట్టే.

ఇంకోటి, సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షకి రిజిస్ట్రేషన్ 9వ తరగతిలోనే జరుగుతుంది. నేరుగా 10లో చేరడం కష్టం. వెళ్లాల్సి వస్తుందని అనిపిస్తే ముందే అక్కడి స్కూల్‌తో మాట్లాడండి. ఇక్కడి కౌన్సెలర్ దగ్గర ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు ఏ కోర్సులో ఏయే పాఠాలు అయ్యాయో కాగితం మీద రాయించుకోండి.