రెండు పందెముల నడుమ అరగంట

తెడ్డు వేయువానికి గమ్యము వీపు వెనుక నుండును. దాటివచ్చిన నీరే కన్నులకు గనబడును. చూపరులకది చేతుల పనిగా దోచును గాని, అందలి ప్రధానబలము కాళ్లది. జారుపీటపై గూర్చుండి, పాదములతో పలకను తన్ని, నడుమును వెనుకకు వాల్చి, కడపట చేతులతో లాగవలెను. రెండువేల మీటర్లు ముగియునప్పటికి తొడలు మండును, ఊపిరి యందదు. వేసవిలో ఒకే దినమున మరల పందెమునకు దిగుట మరియు కఠినము.

జాన్ కెల్లీ ఫిలడెల్ఫియాలో తాపీ పనితో జీవితమారంభించినవాడు. 1920లో ఇంగ్లండునందలి హెన్లీ పోటీలకు అతని దరఖాస్తు తిరస్కరింపబడెను. ఐరోపాకు వేసవియైన ఆగస్టు మాసమున, ఆంట్‌వర్ప్ ఒలింపిక్ పడవ పందెములు బ్రసెల్సు చెంత నొక కాలువలో జరిగెను. ఒక్కరు నడపు పడవల తుదిపోటీలో కెల్లీ, ఆ యేటి హెన్లీ విజేతయగు జాక్ బెరెస్‌ఫర్డును ఒక్క సెకండు తేడాతో నోడించెను. చేయి కలుపుటకైనను ఇరువురకును ఓపిక లేకపోయెనని చెప్పుదురు.

అరగంట గడచునప్పటికి కెల్లీ తన బంధువగు పాల్ కాస్టెల్లోతో జంటపడవ నెక్కి రెండవ స్వర్ణపతకమును గెలిచెను. 1924లో పారిస్ ఒలింపిక్సులో ఆ జంటయే మరల గెలిచెను.

ఉదయపు ప్రశ్నపత్రము ముగించి మధ్యాహ్నపు పత్రమునకు గూర్చుండు విద్యార్థికి ఆ అరగంట విలువ తెలియకపోదు.