మామ్మగారి జ్ఞాపకాన్ని స్టేజీ ఎక్కించడం ఎలా? మన లేసు అల్లికల కథతో చూద్దాం

"మా ఊరి ఆడవాళ్ళ జ్ఞాపకాలతో కాలేజీలో నాటకం వేస్తున్నాం, డైరెక్షన్ నాది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అనుకునేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. నేను బీటెక్ చదివి కోడింగ్ చేసుకున్నవాణ్ణి. అందుకే థియరీ జోలికి పోకుండా, పని ఎలా చేయాలో చెప్తాను.

మొగల్తూరు అనగానే అందరికీ కృష్ణంరాజు గారు, చిరంజీవి గారు గుర్తొస్తారు. ఇదే మొగల్తూరులో, పక్కన నరసాపురం చుట్టూ ఉన్న ఊళ్ళలో, ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది. కొక్కెం ఉన్న చిన్న సూది, తెల్ల దారం, అంతే. ఇక్కడ అరుగు మీద అల్లిన లేసు విదేశాల్లో డైనింగ్ టేబుల్ మీదకి వెళ్ళేది. నాటకానికి ఇంతకన్నా మంచి కథ ఏం కావాలి చెప్పండి?

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. మీరెళ్ళి మామ్మగారిని "లేసు పని గురించి చెప్పండి" అంటే, చాలామంది "ఏముందమ్మా, ఖాళీ ఉన్నప్పుడు అల్లేదాన్ని" అనేస్తారు. దాన్ని అలాగే డైలాగ్ రాసేస్తే మీ నాటకం అక్కడే తప్పిపోతుంది.

ఎందుకో చూడండి. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతానికి వచ్చి, ఈ ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి, 1982లో పుస్తకం వేశారు. ఆవిడ గమనించింది ఏంటంటే, వంట, పిల్లలు, ఇంటి చాకిరీ అన్నీ చూసుకుంటూనే వీళ్ళు రోజూ గంటలకు గంటలు అల్లేవారు. కానీ ఇంట్లో చేసే పని కాబట్టి లోకం దాన్ని ఖాళీ టైమ్ పని అంది. ఆ మాట మీదే కూలి తక్కువ ఇచ్చింది. ఇవాళ 70 దాటిన మామ్మలు అప్పటికి పాతికేళ్ళ వాళ్ళు. లోకం అన్న మాటే వాళ్ళ నోట్లో జ్ఞాపకంగా మిగిలిపోయింది.

కాబట్టి డైరెక్టర్‌గా మీ మొదటి పని, ఆ "ఖాళీ" అనే మాట వెనక ఏముందో తవ్వడం. పెద్ద ప్రశ్నలు అడక్కండి. పొద్దున్న ఎన్నింటికి లేచేవారు? సూది చేతిలోకి ఎప్పుడొచ్చేది? దారం ఎవరు తెచ్చిచ్చేవారు? డబ్బులు ఎవరి చేతికి వచ్చేవి? కుదిరితే సూది, దారం చేతికిచ్చి మాట్లాడించండి. చేయి కదిలితే మాట దానంతటదే వస్తుంది. ఫోన్‌లో రికార్డ్ చేసే ముందు అడిగి చేయండి.

ఇద్దరు మామ్మలు ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెప్తే, ఎవరిది కరెక్ట్ అని తీర్పు ఇవ్వకండి. రెండూ స్టేజీ మీద పెట్టండి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం వేశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మల్లు స్వరాజ్యం గారి లాంటి వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ మాటల్లోనే చరిత్ర రాశారు. నాటకం వేసేవాళ్ళు తప్పకుండా చదవాలి.

ఇప్పుడు రిహార్సల్. ఇరవై ఏళ్ళ అమ్మాయి మామ్మ వేషం వేస్తుంటే వంగి నడవడం, గొంతు వణికించడం వద్దు. నెల ముందు నుంచే అల్లిక నేర్పించండి. మామ్మల చేత నేర్పిస్తే ఇంకా మంచిది. స్టేజీ మీద పొయ్యి, పశువులు, పిల్లాడి ఏడుపు అన్నీ జరుగుతుంటే మధ్య మధ్యలో సూది ఆడుతూనే ఉండాలి. పక్కన ఒక పెద్ద గడియారం పెట్టండి. మామ్మ నోటితో "ఖాళీ" అంటుంది, గడియారం అసలు లెక్క చెప్తుంది. మీరు విడిగా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మన గోదావరి యాసని సినిమాల్లో కామెడీకి వాడీ వాడీ, "అండీ" అంటే జనం నవ్వడానికి రెడీగా ఉంటారు. మామ్మగారి మాట ఉన్నదున్నట్టు ఉంచండి, సాగదీయకండి.

లేసు పనిలో పువ్వులు ఒకరు అల్లుతారు, వాటిని అతికేది ఇంకొకరు. డైరెక్టర్‌ది అతుకు పని అండి. పువ్వులు మీవి కావు. అందుకే స్క్రిప్ట్ అయ్యాక ముందు వాళ్ళకే చదివి వినిపించండి. తీసేయమన్నది తీసేయండి. పేరు వేయాలా వద్దా అనేది వాళ్ళిష్టం. మొదటి షో కాలేజీ ఆడిటోరియంలో కాకుండా వాళ్ళ వీధిలో వేయండి.

నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఊరి పేరుకి రక్షణ దొరికింది. అల్లిన వాళ్ళ పేర్లు మాత్రం ఏ లేసు మీదా ఉండవు. వాళ్ళు ఒప్పుకుంటే, కనీసం మీ నాటకం కరపత్రం మీదైనా ఉండాలి కదా? మీ ఇంట్లో అల్లే మామ్మగారు ఉంటే ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి. ఉంటానండి.