శాలువా కప్పి పంపితే సరిపోతుందా?

పదవీ విరమణ చేసే పాఠశాల సిబ్బంది పట్ల మన బాధ్యత

వేసవి సెలవులు దగ్గరపడే రోజుల్లో మన పాఠశాలల్లో వీడ్కోలు సభలు జరుగుతుంటాయి. షామియానా వేస్తారు. పెద్దలు నాలుగు మంచి మాటలు చెబుతారు. పూలదండ, శాలువా, జ్ఞాపిక ఇచ్చి అందరూ కలిసి ఫోటో దిగుతారు. ఇది చక్కని ఆచారమే, మానవలసిన పని లేదు. కాని మర్నాడు తెల్లవారాక ఆ ఇంట్లో పరిస్థితి ఏమిటో ఎంతమందిమి ఆలోచిస్తున్నాము?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల సంగతే చూడండి. ఇప్పుడు విరమణ వయసుకు వస్తున్నవారిలో చాలామంది 1990 దశకంలో ఉద్యోగంలో చేరినవారు. అప్పుడు ఈ రెండూ రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రాలు. చుట్టూ పొలాలు, చెరువులు ఉండేవి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటకు వచ్చింది. 2008లో బిట్స్ పిలానీ వారి ప్రాంగణం మొదలైంది. ఔటర్ రింగ్ రోడ్డు పడింది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి పేరుతో కొత్త జిల్లా ఏర్పడింది. పొలాలు ప్లాట్లయ్యాయి. చిన్న జీతం మీద పిల్లలను చదివించుకున్న ఆయమ్మకు గాని, వాచ్‌మన్‌కు గాని ఇక్కడ వంద గజాల స్థలం కొనడం అందని మాటయింది. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలను చూసుకున్న మనిషి, జీతం ఆగిన నెల నుంచి అదే ఊళ్లో అద్దె ఎలా కట్టాలా అని దిగులుపడే స్థితి రాకూడదు.

వేదిక మీద ఎవరు?

గురువును గౌరవించడం మనకు కొత్త కాదు. 1921లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మైసూరు విడిచి కలకత్తా వెళ్తున్నప్పుడు, విద్యార్థులు ఆయన ఎక్కిన బండిని పూలతో అలంకరించి, తామే రైల్వే స్టేషను దాకా లాక్కొని వెళ్లారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 5ను 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

అయితే పాఠశాల అంటే పాఠం చెప్పేవారు మాత్రమే కాదు. ఏడ్చే పసివాడిని చంకనెత్తుకొని తరగతిలో కూర్చోబెట్టే ఆయమ్మ ఉంది. గంట కొట్టే అటెండరు, రాత్రంతా కాపలా కాసే వాచ్‌మన్, బడి బస్సు డ్రైవరు, ఫీజు ఆలస్యమైనా పిల్లవాడి ముందు ఆ మాట ఎత్తని గుమాస్తా ఉన్నారు. వంట చేసి వడ్డించే తల్లులూ ఉన్నారు. మధ్యాహ్న భోజన పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. ఆనాడు ముప్పై అయిదేళ్ల వయసులో పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి ఇప్పుడు అరవైకి చేరువలో ఉంది. ఆమెకు అందేది గౌరవ వేతనమే గాని జీతం కాదు.

అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చదివితే, పాతికమందికి పైగా పేర్లు కనిపిస్తాయి. అందులో కొందరి విషయంలో వారు చేసిన సేవ ఏమిటో కూడా ఆయన చెప్పాడు. మన సభల్లోనూ అలాగే జరగాలి. “ఎంతో సేవ చేశారు” అని అందరికీ ఒకే మాట చెప్పడం కాదు, ఎవరు ఏ పని ఎన్నేళ్లు చేశారో పేరు పెట్టి చెప్పాలి.

వట్టి చేతులతో పంపవద్దు

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. ఆరేళ్లు పనిచేసిన దాసుని విడిచి పంపేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదని, యజమాని తనకు కలిగిన దానిలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపాలని దాని సారాంశం. దాసుని విషయంలోనే అంత శ్రద్ధ ఉంటే, ముప్పై ఏళ్లు మనతో కలిసి పనిచేసినవారి విషయంలో ఎంత ఉండాలి!

ఈనాటి చట్టం కూడా ఈ సంగతి చెబుతోంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం 1997 ఏప్రిల్ నుంచి పదిమంది, అంతకు పైబడి పనిచేసే విద్యాసంస్థలకు వర్తించింది. అది ఉపాధ్యాయులకు కూడా వర్తించేలా 2009లో సవరణ చేశారు. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చాక కూడా ఈ హక్కు కొనసాగుతోంది.

లెక్క కష్టమైనది కాదు. చివరి నెల మూల వేతనాన్ని, కరువు భత్యాన్ని కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. నెలకు 13,000 రూపాయల చొప్పున తీసుకొని ముప్పై ఏళ్లు పనిచేసిన ఆయమ్మకు 2,25,000 రూపాయలు వస్తాయి. ఇది యాజమాన్యం దయతో ఇచ్చే కానుక కాదు, ఆమె కష్టార్జితం. శాలువా ఖరీదు దీనిలో ఎన్నో వంతో మీరే లెక్క వేయండి.

ఇరవైమంది, అంతకు మించి పనిచేసే చోట భవిష్య నిధి కూడా ఉండాలి. ఆ పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక నెలనెలా పింఛను అందుతుంది. ఇక ప్రభుత్వ ఉపాధ్యాయుల విరమణ వయసును తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెంచారు. 2004 సెప్టెంబరు నుంచి చేరినవారికి పాత పింఛను లేదు, వాటా చెల్లించే పింఛను పథకమే వర్తిస్తుంది. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగం కదా అని నిశ్చింతగా ఉండకుండా వారూ ముందుగానే లెక్క చూసుకోవాలి.

ముందుగా చేయవలసిన పనులు

విరమణకు రెండేళ్ల ముందే బడి ఆఫీసు వారు గాని, సంఘంలోని చదువుకున్న యువకులు గాని ఆ ఉద్యోగి పక్కన కూర్చొని కాగితాలు చూడాలి. ఆధార్ కార్డులో, భవిష్య నిధి ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక ఉంటే చాలు, డబ్బు ఆగిపోతుంది. నామినీగా ఎవరి పేరు రాశారు? ఎప్పుడో చనిపోయిన తల్లి పేరే ఇంకా ఉందా? చేరిన తేదీకి రుజువు ఉందా? అక్షరం రాని ఆయమ్మకు ఈ సంగతులు ఎవరు చెబుతారు? ఆమె చేతుల మీదుగా పెరిగి ఉద్యోగస్తులైన పిల్లలే చెప్పాలి.

చిన్న బడులు ఉన్నాయి. చట్టం లెక్కకు రానంత తక్కువమంది పనిచేస్తారు. అలాంటి చోట పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు, సంఘస్థులు ఏడాది ముందు నుంచే నెలకు కొంత పోగుచేసి, సభ నాడు ఆ మనిషి పేర బ్యాంకులో వేయవచ్చు. వంట చేసిన తల్లులను కూడా ఇందులో మరువకూడదు.

సభ అయిపోయాక కూడా మనం చేయగలిగినది ఉంది. పాఠశాల వార్షికోత్సవానికి, క్రిస్మస్ కార్యక్రమానికి వారిని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఒంట్లో బాగాలేదని తెలిస్తే వెళ్లి పలకరించండి. ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం ఇచ్చారో లేదో అడగండి. అది లేకపోతే పింఛను నిలిచిపోతుంది.

ప్రియ చదువరులారా, ఈ ఏడాది మీ ఊరి బడిలో ఎవరు విరమణ చేస్తున్నారు? దండ కొనడానికి వెళ్లేముందు హెడ్మాష్టరు గారిని ఒక్క మాట అడగండి: “వారికి రావలసింది లెక్క కట్టారా అండీ?” లెక్క కట్టి, బాకీ తీర్చి, ఆ తరువాత శాలువా కప్పండి. అప్పుడు ఆ శాలువాకు కూడా గౌరవం దక్కుతుంది.