ఏ నంబర్లో ఆగింది?

వ్యాన్‌లో బ్లోయర్ తిరగట్లేదని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "ఏ నంబర్లో తిరగట్లేదు?" చాలామంది డ్రైవర్లకు ఈ ప్రశ్న చిరాకు తెప్పిస్తుంది. "తిరగట్లేదంటే తిరగట్లేదు బాబూ, మోటార్ మార్చేయండి" అంటారు. కానీ రోగం సగం ఆ జవాబులోనే బయటపడుతుంది. మోటార్ మీద ఊరికే నింద పడటం, అవసరం లేని చోట డబ్బు ఖర్చవడం రోజూ చూస్తున్నాను కాబట్టి ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది నర్సీపట్నం. ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. డిసెంబర్, జనవరి వచ్చాయంటే లంబసింగి చూడ్డానికి వెళ్లే టూరిస్టు వ్యాన్లు చాలావరకు మా ఊరి మీదుగానే ఘాట్ ఎక్కుతాయి. పొగమంచు ఉండగానే పైకి చేరాలని జనం చీకటితోనే బయల్దేరతారు. చలికి అద్దాలన్నీ బిగించేస్తారు. లోపలున్న అందరి ఊపిరిలోని తేమ చల్లటి ముందద్దానికి తగిలి తెల్లగా పేరుకుంటుంది. బయట మంచు, లోపల ఆవిరి, ఎదుట మలుపు మీద మలుపు. డ్రైవర్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డతో అద్దం తుడుచుకుంటూ పోతాడు. అందుకే హీటర్ బ్లోయర్ ఒళ్లు వెచ్చగా ఉండటానికే అంటే నేను ఒప్పుకోను. ఘాట్ రోడ్డులో అది బ్రేకు, హెడ్‌లైటు వరసలోది.

హీటర్ పని తేలికే. ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కిన కూలెంట్ కొంత డ్యాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి పారుతుంది. దాని మీదుగా గాలిని తోసేది బ్లోయర్. ముందు సీట్ల ఏసీకి కూడా అదే బ్లోయర్. ఒక చిన్న డీసీ మోటార్, దానికి బిగించిన గుండ్రటి రెక్కల చక్రం, అంతే. చాలా బళ్లలో ఎడమవైపు సీటు ముందు, గ్లోవ్‌బాక్స్ కిందో వెనకో ఉంటుంది.

ఇప్పుడు నంబర్ల సంగతి. మామూలు నాబ్ ఉన్న వ్యాన్‌లో 1 నుంచి 4 దాకా స్పీడ్లుంటాయి. 4లో పెడితే కరెంటు దాదాపు నేరుగా మోటార్‌కి వెళ్తుంది. 1, 2, 3లో మాత్రం దారిలో రెసిస్టర్ అడ్డుపడి వేగం తగ్గిస్తుంది. కాబట్టి 4లో జోరుగా తిరుగుతూ కింది మూడింటిలో చప్పుడు లేదంటే మోటార్ పోనట్టే, అనుమానం రెసిస్టర్ మీద. కింది మూడింటిలో తిరిగి 4లో ఆగితే ఆ 4కి వెళ్లే వైరు, స్విచ్, ఉంటే రిలే చూడాలి. దేంట్లోనూ కదలకపోతే ఫ్యూజ్‌తో మొదలుపెట్టాలి.

రెసిస్టర్ పోయిందని తేలగానే కొత్తది బిగించి పంపేస్తే పని సగమే అయినట్టు. రెసిస్టర్ వేడెక్కే వస్తువు. దాన్ని గాలి దారిలోనే పెట్టింది బ్లోయర్ గాలికి చల్లబడాలని. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే గాలి తగలక రెసిస్టర్‌లోని థర్మల్ ఫ్యూజ్ తెగిపోతుంది. మోటార్ బుష్ ఎండి బిగుసుకుపోతే కరెంటు ఎక్కువ లాగి మళ్లీ అదే రెసిస్టర్‌ని కాలుస్తుంది. అది ఎందుకు కాలిందో తేల్చకుండా డబ్బులు తీసుకోవడం నాకిష్టముండదు.

అసలు తిరకాసు వైర్లను కలిపే కప్లర్ల దగ్గర వస్తుంది. పోయిన చలికాలం ఒక డ్రైవర్ కొత్త మోటార్ డబ్బాతో సహా వచ్చాడు. "కప్లర్ ఊడదీసి మీటర్ పెట్టి చూశారండి, పన్నెండు వోల్టులు వస్తున్నాయి. కరెంటొస్తోంది కాబట్టి మోటారే పోయిందన్నారు" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడుకుపోయిన పైపులో కూడా ప్రెషర్ పూర్తిగానే కనిపిస్తుంది, తిప్పాకే తెలుస్తుంది ధార ఎంతో. కరెంటుదీ అదే తీరు. మీటర్ దాదాపు ఏమీ లాగదు, మోటార్ మాత్రం ఆంపియర్ల లెక్కన లాగుతుంది.

నేను కప్లర్ తగిలించే ఉంచి, నాబ్ 4లో పెట్టి, వెనకవైపు నుంచి మీటర్ పిన్నులు ఆనించాను. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, మోటార్ దగ్గర 7. మధ్యలో 5.3 ఎక్కడికి పోయినట్టు? మోటార్ నెగెటివ్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలిస్తే 0.2 మాత్రమే, అంటే ఎర్త్ బాగుంది. మిగతా 5.1 అంతా పాజిటివ్ దారిలోనే తగ్గిపోతోంది. ఆ దారి వెంట ఒక్కో చోటా కొలుచుకుంటూ వస్తే స్విచ్ వెనక కప్లర్ దగ్గర దొరికింది. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల ముదురు గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంది. కాలిన వాసన. లోపల పిన్ను పట్టు వదిలేసి వదులుగా ఆడుతోంది. 8 ఆంపియర్లు పోతున్నాయనుకున్నా ఆ చిన్న ముక్కలో 40 వాట్లకు పైగా వేడి పుడుతున్నట్టు లెక్క. కొత్త పిన్నులు, కొత్త కప్లర్ వేశాం. పాత మోటారే హోరున తిరిగింది. అతను డబ్బా విప్పకుండానే షాపులో వాపసు ఇచ్చుకున్నాడు.

మోటార్ నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. తిరగనప్పుడు మోటార్ ఒంటి మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి చూడండి. తిరగడం మొదలుపెడితే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయన్నమాట, ఎక్కువ రోజులు లాగదు. పొద్దున్నే చలిలో కీచుమని అరిచి కాసేపటికి సర్దుకుంటే బుష్ పని. టకటకమని కొట్టుకుంటే మాత్రం ముందుగా రెక్కల చక్రం విప్పి చూడండి. ఎండుటాకులు, ఎలుకలు చేర్చిన గుడ్డపీలికలు నేను గుప్పెళ్లతో తీశాను. చివరిగా, ఫ్యూజ్ ఉన్న వైర్లతో బ్యాటరీ నుంచి మోటార్‌కి నేరుగా కరెంటిచ్చి చూడాలి. అప్పుడూ కదలకపోతేనే కొత్త మోటార్ మాట.

ఆటోమేటిక్ ఏసీ ఉన్న కొత్త బళ్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. దాన్ని స్కానర్ ఉన్నవాళ్లకు చూపించండి.

రెండు విషయాల్లో నేను మొహమాటపడను. ఫ్యూజ్ మాడితే దాని చోట పెద్ద ఆంపియర్‌ది పెట్టడం, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి దూర్చడం చేయకండి. ఫ్యూజ్ కాపాడేది వైరింగ్‌ని. అది తెగనంటే వైరు కాలుతుంది, డ్యాష్‌బోర్డ్ వెనక నిప్పు పుడుతుంది. రెండోది, అక్కడ కనిపించే పసుపు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి టెస్ట్ ల్యాంప్‌తో వెళ్లకండి.

బ్లోయర్ బాగయ్యాక అద్దం తేటపడాలంటే గాలిని ముందద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టి, హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. చలిలో ఏసీ ఏమిటని అడుగుతారు. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, హీటర్ ఆ పొడిగాలిని వెచ్చబెడుతుంది. రెండూ కలిస్తే తుడవాల్సిన పని లేకుండా అద్దం విడుతుంది. ట్రిప్ ఒప్పుకునే ముందురోజు పగటిపూట ఇంజిన్ వేడెక్కాక నాలుగు నంబర్లూ వరసగా తిప్పి చూసుకోండి. ఏదైనా తేడా ఉంటే ఆ నంబర్ గుర్తుపెట్టుకుని మీ ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి.