ఊపిరి గొట్టాల సొంత మందు

“సిస్టరమ్మగారూ, మా అమ్మకి ఇంకా పెద్ద యాంటీబయాటిక్ రాయమని డాక్టరుగారికి చెప్పండి. జ్వరం పోయింది గానీ ఆయాసం పోలేదు.” వార్డులో ఈ మాట వినని వారం ఉండదు. మొన్న అడిగిన అమ్మాయికి మంచం పక్కన నిలబడి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మన శ్వాసనాళాల లోపలి పొరలోని కణాలు తమ మందును తామే తయారు చేసుకుంటాయి. పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, దానికి ఆరేళ్ల ముందే, 1922లో, ముక్కు చీమిడిలో క్రిములను కరిగించే పదార్థం ఉందని ప్రకటించాడు. చీమిడి అంటే మనకు అసహ్యం గానీ, అందులో ఉన్న లైసోజైమ్ అంత విలువైనది. ఆ తర్వాత ఇంకా చిన్నవి, పెప్టైడులు అనే మాంసకృత్తుల ముక్కలు బయటపడ్డాయి. 1985లో తెల్ల రక్తకణాలలో గుర్తించిన వాటికి డిఫెన్సిన్లు అని పేరు పెట్టారు. ఎల్‌ఎల్-37 అనేది మరొకటి. అందులో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి ఆ అంకె.

వీటికి ధన విద్యుదావేశం ఉంటుంది, బాక్టీరియా పైపొరకు ఋణావేశం. అందుకే ఇవి క్రిమిని అంటుకుని దాని పొరకు చిల్లులు పొడుస్తాయి.

అయితే వీటికి రెండో పని కూడా ఉంది. ఎల్‌ఎల్-37 శ్వాసనాళపు కణాలను తాకితే, ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే కబురు పంపుతాయి. కబురందుకుని తెల్ల రక్తకణాలు గుంపుగా వస్తాయి. గొట్టం వాస్తుంది, తెమడ ఊరుతుంది. క్రిములున్నప్పుడు ఇది మేలే. పైగా ఇదే ఎల్‌ఎల్-37 కొన్ని రకాల బాక్టీరియా విడిచే విషాన్ని పట్టుకుని వాపును తగ్గించగలదు కూడా. చిక్కంతా ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులలో వస్తుంది. అక్కడ తెల్లకణాలు వస్తూనే ఉంటాయి, తమ డిఫెన్సిన్లను కుమ్మరిస్తూనే ఉంటాయి. మోతాదు మించితే అవి మన కణాలనే గాయపరుస్తాయి. గాయపడిన కణాలు మళ్లీ కబురు పంపుతాయి.

పొగ చేసే ఇంకో నష్టం చూడండి. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, న్యుమోనియా వచ్చిన పొగతాగేవారి తెమడలో, శ్వాసనాళపు కణాలు తయారుచేసే బీటా డిఫెన్సిన్-2 మిగతా రోగులకంటే తక్కువగా కనిపించింది. అంటే వాపు ఎక్కువ, కాపలా తక్కువ.

కాబట్టి జ్వరం పోయాక మిగిలిన ఆయాసం, పిల్లికూతలు అన్నీ క్రిముల వల్లనే అనుకోకండి. వాపు మీద యాంటీబయాటిక్ పెంచితే వచ్చేది విరేచనాలు, మందుకు లొంగని క్రిములు. గొట్టాలను వదులు చేసేది, వాపు తగ్గించేది డాక్టరుగారు రాసిన పంపు మందే. “అలవాటైపోతుంది” అని దాన్ని రెండో రోజే బీరువాలో పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. స్టెరాయిడ్ పంపు అయితే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోరు పూస్తుంది. జ్వరం తిరగబెట్టినా, తెమడలో రక్తం పడినా, పెదవులు నీలంగా మారినా ఆగకుండా రండి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష తప్పనిసరి.

ఆ అమ్మగారు ఏనాడూ బీడీ ముట్టలేదు. ముప్పై ఏళ్లుగా కట్టెల పొయ్యి. ఇంట్లో గ్యాస్ ఉందట, “టీకి మాత్రమే వాడతాం” అంది కూతురు. పోయిన వారం చూపించుకోవడానికి వచ్చారు, మాట మధ్యలో ఆగకుండా మాట్లాడుతున్నారు. వంట గ్యాస్ మీదికి మారింది. స్నానానికి నీళ్లు మాత్రం ఇంకా కట్టెల మీదేనట.