లైనులో డబ్బాలు... రాని మనుషులు
సర్వర్ ఆగిపోవడం వెనుక కథ

కోటవురట్ల: "సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి." ఈ మాట వినని కార్డుదారులు మన పల్లెల్లో అరుదు. ఆ పూట కూలి పోతుంది, బియ్యమూ రావు. డిపో డీలరును అడిగితే చేతులెత్తేస్తాడు. ఇంతకూ ఈ సర్వర్ ఏమిటి? ఎందుకు ఆగిపోతుంది?

సర్వర్ అంటే ఎక్కడో నగరంలో ఉన్న పెద్ద కంప్యూటర్. మనం మిషను మీద వేలు పెడితే ఆ ముద్ర ఫోను సిగ్నల్ మీద అక్కడికి వెళుతుంది. సరిచూసి జవాబు పంపితేనే ఇక్కడ కాటా కదులుతుంది. జవాబు రాకపోవడానికి కారణాలు అనేకం. సిగ్నల్ అందకపోవచ్చు. అందరూ ఒకే గంటలో వేలు పెట్టి ఉండవచ్చు. ఇందులో ఎవరి కుట్రా లేదు. అయితే కంప్యూటర్ల మధ్య మాటలు నడిపే ప్రోగ్రాములో లోపం ఉంటే మాత్రం, ఒక్క దుండగుడు లక్షలమందికి సేవ అందకుండా చేయగలడు. అతడు సొమ్ము దోచుకోనక్కరలేదు, దారి మూస్తే చాలు. దీనినే నిపుణులు 'డినయల్ ఆఫ్ సర్వీస్' అంటారు.

చీటీతో విరుగుడు

కిరసనాయిలు కోసం లైనులో డబ్బాలు పెట్టి వెళ్ళిపోయిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. డబ్బాలే ఉండి మనుషులు రాకపోతే వెనకవారికి వంతు రాదు. 1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీకి సరిగ్గా ఇదే జరిగింది. ఒక కంప్యూటర్ "ఉన్నారా?" అని పిలిస్తే, రెండవది "ఉన్నాను, చెప్పండి" అని బదులిచ్చి దానికోసం ఒక చోటు అట్టేపెడుతుంది. దుండగులు దొంగ చిరునామాలతో పిలిచి ఇక పలకలేదు. చోట్లన్నీ నిండిపోయి అసలు ఖాతాదారులు బయటే నిలబడ్డారు.

అదే ఏడాది డేనియల్ బెర్న్‌స్టీన్ అనే గణితవేత్త ఒక విరుగుడు చెప్పాడు. ముందే చోటు ఇవ్వకుండా, వచ్చినవాడి చేతిలో ఒక చీటీ పెట్టాలి. ఆ చీటీతో తిరిగి వచ్చినవాడికే చోటు. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

అయినా కొత్త లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. 2023లో మరో ఎత్తు కనిపెట్టారు. సరుకు అడగడం, వెంటనే వద్దనడం, మళ్ళీ అడగడం! ఇలా ఆ ఆగస్టులో గూగుల్ సంస్థ మీద సెకనుకు 39.8 కోట్ల విన్నపాలు కుమ్మరించారు. గూగుల్ తట్టుకుంది. చిన్న కార్యాలయాల సర్వర్లకు అంత శక్తి ఎక్కడిది?

మన ఇంటి పెట్టె కూడా

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అని కొట్టిపారేయడానికి వీలులేదు. 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాము ఇళ్ళలోని కెమెరాలలోకి, ఇంటర్నెట్ పెట్టెలలోకి చొరబడింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే దానికి దారి ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలు వేలాదిగా ఒక్క కంపెనీ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. ఆ పరికరాల యజమానులకు తమ ఇంటి నుంచే దాడి జరుగుతోందని తెలియనే తెలియదు.

నేడు మన ఊళ్ళలోనూ కొట్టు ముందు కెమెరా, ఇంట్లో నెట్ పెట్టె మామూలయ్యాయి. కనుక బిగించడానికి వచ్చినవారిచేతనే పాస్‌వర్డు మార్పించుకోవాలి. కంపెనీ పంపే మరమ్మతులను, అదే 'అప్‌డేట్'లను, వాయిదా వేయకూడదు.

సేవకు అడ్డుపడటం మన దేశంలో నేరం. 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలోగా సంస్థలు తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ 'సెర్ట్-ఇన్' 2022లో ఆదేశించింది.

చట్టాలు ఉన్నా, డిపో ముందు నిలబడ్డ మనిషికి కావలసింది ఆ పూట బియ్యం. సర్వర్ ఆగినప్పుడు ఎందుకు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పే ఏర్పాటు ఉంటే కనీసం రెండవ రోజు కూలి అయినా దక్కుతుంది.